నోరీన్ ఫ్లూటు

మలాకీకి ఫ్లూటు ఊదడం రాదు. అయినా ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే, టోపీ కూడా తీయకుండా వంటింట్లో కూర్చుని, భార్య నోరీన్ ఫ్లూటును మూడు ముక్కలుగా విప్పి, పసిపిల్లకు తలంటినంత ఓపికగా బాదం నూనె పట్టించేవాడు. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఊపిరి తగలని కర్ర ఫ్లూటు ఎంత నూనె పెట్టినా పగులుతుందని దాన్ని చేసిన ముసలాయన అప్పుడే చెప్పాడు. ఈ చలికాలం దాని మీద సన్నని పగులు గీటు కనిపించింది. ఇక ఊదేవాళ్లకు అమ్మక తప్పలేదు. అయినా కొనడానికి వచ్చిన ముగ్గురినీ ఏదో వంక పెట్టి పంపేశాడు. ఒకడికి మీసం మరీ ఎక్కువైందట.

నాలుగోవాడు ఎన్నిస్ పట్నం నుంచి వచ్చిన ఫింటన్. మీసం సంగతి ముందే విన్నట్టున్నాడు. "నాకు గడ్డం ఉంది తాతా, ఇప్పుడే పొమ్మంటావా?" అన్నాడు. "ముందు ఊదవయ్యా, గడ్డం సంగతి తర్వాత చూద్దాం." ఫింటన్ పెదవి ఆనించాడు. టక్, టక్. పాట ఎత్తుకునే ముందు నోరీన్ మడమతో నేలను అలాగే తట్టేది. మలాకీ ఫింటన్ కాళ్ల వైపు చూశాడు. "తట్టింది నువ్వేనా?" "నేనెందుకు తడతాను తాతా! నీ కాలే." మలాకీ సిగ్గుపడి కాళ్లు రెండూ కుర్చీ కిందికి లాక్కున్నాడు. పాట అయ్యాక, "తీసుకెళ్లు. రోజూ ఊదు," అన్నాడు.

మరుసటి ఆదివారం కూడా టోపీతోనే కూర్చుని గుడ్డకు నూనె అద్దాడు. పట్టించడానికి ఫ్లూటు లేక ఎదురుగా ఉన్న నోరీన్ కుర్చీకి రాశాడు. టక్, టక్. గబుక్కున కిందికి చూసుకున్నాడు. కాళ్లు రెండూ తన కుర్చీ కింద ముడుచుకునే ఉన్నాయి. మలాకీ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, పాట కోసం కూర్చున్నాడు.