ఫోటోల కనపడని మగ్గం

మోత్కూర్ల గా ఇల్లు ఫోన్ల చూసి కొన్న. ఎవరో అప్పు కట్టలేదని బ్యాంకు ఆన్‌లైన్ల వేలం పెట్టింది. ఫోటోల మూసిన నీలం తలుపు చూసి, ఖాళీ ఇల్లే అనుకున్న. ఒక్కసారి పోయి చూసి రమ్మని నా భార్య మొత్తుకున్నా వినలే. ఇంకెవడన్న కొట్టుకపోతడేమోనని నా తొందర నాది.

ఇల్లు నాకే దక్కింది. పోయి చూస్తే ఆ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల గుంత మగ్గం మీద ఒక ముసలాయన చీర నేస్తున్నడు. బ్యాంకోళ్లను అడిగితే, "ఉన్నది ఉన్నట్టు అమ్మినం, ఖాళీ చేపిచ్చుకునుడు మీ పని" అన్నరు. కాయితంల గట్లనే రాసి ఉంది. నేనే చదవలే.

ముసలాయన లొల్లి పెట్టలే. "మగ్గం మీద పోగు ఉంది బిడ్డా, అయిపోంగనే లేస్తం" అన్నడు. నేనూ నేతోళ్ల ఇంట్ల పుట్టినోన్నే. నేసే పోగును నడుమ కోయమనడానికి నోరెట్ల వస్తది? అదే మాట ఆయనకు చెప్పి, సరే అన్న.

ఇంటికాడ కాలు నిలుస్తలేదు. వారం వారం బస్సెక్కి పోయిన. నాలుగోసారి పోయేసరికి, ఆయన భార్య అయిపోవచ్చిన పోగుల కొసలకు కొత్త పోగులు అతుకుతాంది. గట్ల అతుక్కుంట పోతే ఆ పోగు ఎన్నటికీ అయిపోదు. ఒళ్లు మండింది. కానీ ఏమని అడుగుత? మా బాపు మగ్గం కూడా ఏనాడూ ఖాళీగ లేదు. ఆ సంగతి మరిచి మాటిచ్చింది నేనే.

"కండ్లు ఆనుతలేవు బిడ్డా. నేతోళ్ల పిల్లగానివే గదా, జర కూసో" అన్నది అవ్వ.

తిట్టుకుంటనే కూసున్న. పొద్దుగూకేదాక నా చేతులతోనే అతికిన.