‘తిన్నావా’ అని అడగని టీచరమ్మ

మా డ్రిల్ టీచరమ్మ పోయారు. పుంగనూరు దగ్గర మా హైస్కూల్లో రెండో పీరియడ్ నడుస్తుండగా మదనపల్లె నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్క ఇంక లేదమ్మా” అన్నాడు. ఆ వెంటనే, “పిల్లోళ్లకు చెప్పండమ్మా. ఆయమ్మకు వాళ్లే కదా” అన్నాడు. వరండాలోకి వచ్చి చూస్తే గ్రౌండులో ఎనిమిదో తరగతి వాళ్లు పరిగెడుతున్నారు. పిలిచి ఆపాలా, ఆట అయ్యేదాకా ఆగాలా అన్నది తేల్చుకోలేక అక్కడే నిలబడిపోయాను. చిన్న విషయాలకే ఇలా ఊగిసలాడడం నా స్వభావం. ఆమెకు ఆ జబ్బు లేదు. కనీసం నేను అలా అనుకునేదాన్ని.

ఆమె మా బడికి బదిలీ మీద వచ్చిన రోజు అందరికీ ముందు కనబడింది చీర కింద కాన్వాసు బూట్లు. తర్వాత వినబడింది గొంతు. అప్పటికే ప్రతి బడిలోనూ పిల్లల ఆరోగ్యానికి ఒక కమిటీ ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పిల్లల తిండీ, ఆటా ఆ కమిటీయే చూసుకోవాలి. మేమూ వేశాం. హెడ్మాస్టరు అధ్యక్షుడు, సోషల్ చెప్పే నేను కార్యదర్శిని, తల్లిదండ్రుల తరఫున గొర్రెలు మేపుకునే చిన్నప్ప. మేము ఒక్కసారీ కూర్చున్నది లేదు.

“కమిటీ యాడుండాది సార్?” అని ఆమె స్టాఫ్ రూములో అడిగారు.

“ఫైల్లో ఉండాది మేడం” అన్నాడు హెడ్మాస్టరు.

“ఫైలుకు ఆకలేస్తాదా సార్?”

మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆ తర్వాత కమిటీ కూర్చున్నప్పుడల్లా ఆ ఇద్దరి మధ్య పెన్ను పట్టుకుని, ఎవరి మాట రాయాలో తెలియక రెండూ రాసి రెండూ కొట్టేసేదాన్ని.

మొదటి గొడవ జావ మీద. బడి గంటకు ముందే ఆడపిల్లలకు ఖోఖో ప్రాక్టీసు పెట్టాలన్నారామె. దానికన్నా ముందు రాగి జావ ఇవ్వాలన్నారు. “తినొచ్చే పిల్లలకు మళ్లీ జావ యాల?” అని హెడ్మాస్టరు ప్రార్థన వరసల ముందుకెళ్లి, “పొద్దున తిన్నోళ్లు చెయ్యెత్తండి” అన్నాడు. చేతులన్నీ లేచాయి. ఆయన గెలిచినట్టు వెనక్కి తిరిగాడు.

ఆమె వరసల్లోకి నడిచారు. ఒక పిల్ల ముందు ఆగి, “నువ్వేం తిన్నావు?” అన్నారు.

“సంగటి.”

“ఎప్పుడు చేసింది?”

“రాత్రి.”

“దాంట్లోకి ఏంది?”

పిల్ల తల వంచుకుంది. పక్కపిల్ల తనను అడగకముందే, “టీ మేడం” అనేసింది. ఆ వెనక పిల్ల, “మా అమ్మ టమోటాలు కొయ్యను పోయింది మేడం” అంది.

ఆమె గొంతు పెంచలేదు. “తిన్నావా అనేది పలకరింపు సార్. యాడికి పోతాండావు అన్నట్టే. ఎవురన్నా లేదంటారా? ఏం తిన్నావు అంటేనే అడిగినట్టు.”

జావ మొదలైంది. వంటమ్మకు మాత్రం ఒళ్లు మండింది. “నేను పొద్దున్నే ఈడికొస్తే నా ఆవు పాలు ఎవురు పిండేది, మీ కమిటీనా?” అంది. మర్నాడు టీచరమ్మ నిజంగానే చెంబు పట్టుకుని వాళ్లింటికి పోయారు. ఆవు తన్నింది. కుంటుకుంటూ బడికొచ్చిన ఆమెను చూసి వంటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత తనంతట తానే తొందరగా రావడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం ఆమె పిల్లల మధ్యనే కూర్చుని తినేవారు. ముందు ప్రార్థన చేసుకునేవారు, ఒక కన్ను తెరిచే. “రెండు కండ్లూ మూస్తే ఈ దొంగలు గుడ్లు పక్కోళ్లకు పెట్టేస్తారమ్మా. దేవుడికి తెలుసులే” అనేవారు.

ఇక కుప్పం సంగతి చెప్పాలి. ఆమెను తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నేను తేల్చుకోలేనిది అదే. కుప్పంలో ఖోఖో సెలక్షన్లు జరిగాయి. ఎంపికైతే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. చిన్నప్ప కూతురు రెడ్డెమ్మ మా జట్టులో అందరికన్నా బాగా పరిగెత్తేది. “సీటొస్తే సదువుకుంటాది. రాకుంటే పది కాగానే గొర్రెలెనక పోతాది” అని చిన్నప్ప ముందే తేల్చేశాడు. ఆ పిల్ల చదువంతా ఆ ఒక్క రోజు మీద ఉంది. పదిమంది పిల్లల్ని తీసుకుని చీకటి ఉండగానే బస్సెక్కాం. చిన్నప్ప కూడా వచ్చాడు.

మ్యాచికి ముందు ఆమె ఏం తిన్నారని వరసగా అడిగారు. రెడ్డెమ్మ వంతు వచ్చింది.

“ఇడ్లీ మేడం. శెనక్కాయల చట్నీ” అంది టక్కున.

అంతకుముందు ఇద్దరు పిల్లలూ అచ్చం అదే మాట చెప్పారు. ఆమె మొహం మారింది. ఆమె ప్రశ్నను మా పిల్లలు నేర్చేసుకున్నారు, జవాబు సిద్ధం చేసుకుని వచ్చారు.

“ఎవురు చేసినారు?”

“అమ్మ.”

వెనక నిలబడ్డ చిన్నప్ప అమాయకంగా నవ్వాడు. “ఇడ్లీనా? మా ఇంట్లోనా?”

రెడ్డెమ్మకు ఏడుపొచ్చింది. “బస్సులో వాంతి అయితాదని తినలేదు మేడం. రాత్రీ తినలేదు.” కడుతున్న బూటు లేసు వదిలేసింది. ఆ ఇద్దరు పిల్లలు మాత్రం, ఇడ్లీ అబద్ధం గానీ బస్టాండులో బన్ను తిన్నామని ఒప్పుకున్నారు.

ఆమె సంచిలోంచి వేయించిన శెనక్కాయలు, బెల్లం తీసి రెడ్డెమ్మ ఒళ్లో పెట్టారు. “మెల్లగా తిను. ఈ మ్యాచి నువ్వు ఆడవు.”

చిన్నప్ప ఒక్క అంగలో ముందుకొచ్చాడు. “ఏందమ్మా! ఒక్కపూట తినకుంటే సస్తాదా? నేను ఎన్ని పూటలు తినకుండా గొర్రెలెనక తిరిగినా!”

“తిరిగినావు కాబట్టే చెప్తాండానప్పా.”

“మీ కమిటీ నా బిడ్డ బతుకు కూలుస్తాది!”

చుట్టూ జనం మూగారు. అవతలి జట్టు గ్రౌండులోకి దిగింది. “మేడం, కాసేపు ఆడించి బయటికి పిలుద్దాం” అని నేను గొణిగాను. ఆమె నా వైపు తిరగకుండానే అన్నారు: “మదనపల్లెలో పనిచేసేటప్పుడు ఒక బిడ్డ ఇట్లనే తిన్నానని చెప్పి పరిగెత్తతా పడిపోయింది. విజిల్ నా నోట్లోనే ఉన్నింది.”

ఆ బిడ్డ ఏమైందో నేను అడగలేకపోయాను. మొన్న ఆమె అంత్యక్రియలప్పుడు సమాధుల దగ్గర ఆమె తమ్ముణ్ని అడిగాను. ఆయనకూ తెలియదు.

రెడ్డెమ్మ లేని జట్టు ఓడిపోయింది. సెలెక్టర్లు కాగితాలు సర్దుకుని జీపెక్కారు. రెడ్డెమ్మ తినడం అయింది, మొహంలోకి రంగు వచ్చింది, ఏడుపు మాత్రం ఆగలేదు. అప్పుడు టీచరమ్మ పరిగెత్తారు. ఎవరినీ బతిమాలని మనిషి జీపుకు అడ్డంగా నిలబడి చేతులు జోడించారు.

“ఆపింది నేను సార్, బిడ్డ కాదు. ఒక్క ఆట సూడండి.”

“రూల్ ఒప్పుకోదమ్మా.”

“రాసుకోబాకండి సార్. ఊరికే కండ్లతో సూడండి.”

కుర్ర సెలెక్టరు గడియారం చూసుకున్నాడు. పెద్దాయన చేతిలోని కాగితాలు సీటు మీద పెట్టి జీపు దిగాడు.

మీరడిగేలోపే చెబుతాను. ఆ యేడు జాబితాలో చివరి పేరు రెడ్డెమ్మది. మొన్న హాస్టలు నుంచి మదనపల్లె వచ్చి, శవపెట్టె మీద మట్టి వేసింది. అయినా నాకు నెమ్మది లేదు. ఆ పెద్దాయన దిగకపోయి ఉంటే? ఆ పిల్ల ఈరోజు ఏ గుట్ట మీద ఉండేది? తిరిగొచ్చే బస్సులో ఆమెనే అడిగాను, “మీరు చేసింది సరేనంటారా మేడం?” అని. కిటికీలోంచి పలమనేరు మామిడి తోటల్ని చూస్తూ, “నాకూ తెల్దమ్మా” అన్నారు. ఆ జవాబుకు నేనామెకు రుణపడి ఉన్నాను. సరో తప్పో తెలియకుండానే ఒక మాట మీద నిలబడవచ్చని నాకు అంతకుముందు తెలియదు.

అయితే నాకు మిగిలింది ఆ బస్సు కాదు. పెద్దాయన జీపు దిగిన తర్వాతి కాసేపు. అవతలి జట్టు అప్పటికే రైలుకు వెళ్లిపోయింది. మా పిల్లల్లోనే ముగ్గురు తప్పించుకునేవాళ్లుగా దిగారు, తరమడానికి రెడ్డెమ్మ నిలబడింది, వరసలో కూర్చోవడానికి ఆరుగురు మిగిలారు. ఇంకా రెండు గడులు ఖాళీ. ఆమె చిన్నప్ప వైపు చూశారు.

“నేనా?” అన్నాడతను.

“కమిటీ మెంబరువే కదప్పా. కూర్చో.”

చిన్నప్ప పంచె ఎగ్గట్టి గడిలో కూర్చున్నాడు. పక్క గడిలో, అతనికి ఎదురు దిక్కుకు తిరిగి, ఆమె కొంగు నడుముకు చుట్టి మోకాళ్ల మీద వంగారు. రెండు అరచేతులూ నేలకు ఆన్చారు. ఆట మొదలైంది. ఎర్రమట్టి లేచింది. రెడ్డెమ్మ అడుగులు ఆమె వీపు వైపు దూసుకొస్తున్నాయి. ఆమె తల తిప్పలేదు. మడమలు లేచి ఉన్నాయి, ఒళ్లంతా చెవి చేసుకుని, వెనక నుంచి రావలసిన ఆ ఒక్క ‘ఖో’ పిలుపు కోసం.