నాలుగు వేళ్ళ మేర

డాక్టర్ వసుమతి జీవితంలో తప్పిన పరీక్ష లేదు. ఏడో తరగతి నుంచి ఎం.డి. దాకా అన్నీ మొదటిసారికే, అన్నీ ఫస్టు క్లాసులోనే. అలాంటి మనిషి నలభై మూడేళ్ళ వయసులో సముద్రాలు దాటొచ్చి, కారు నడిపే పరీక్షలో రెండుసార్లు తప్పింది. అదీ పద్దెనిమిదేళ్ళపాటు కాకినాడ వీధుల్లో ఫియట్ కారు నిక్షేపంగా నడిపిన మనిషి! ఎవరికి చెప్పుకుంటుంది, చెప్పండి?

అది 1997. ఊరు స్టాంగర్. చుట్టూ చెరకు తోటలు, వెనకాల కొండలు. దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చి మూడేళ్ళయింది. డాక్టరన్నవాడు ఏనాడూ కాలు పెట్టని కొండ పల్లెల్లో క్లినిక్కులు కట్టారు, తల్లులకూ పసిపిల్లలకూ వైద్యం ఉచితమన్నారు. కట్టడమైతే కట్టారు గానీ, అక్కడికి వెళ్ళే డాక్టర్లేరీ? అందుకని వసుమతి లాంటివాళ్ళను మన దేశం నుంచి పిలిపించారు. వారానికి నాలుగు రోజులు ఆసుపత్రి బండి తనే నడుపుకుంటూ కొండెక్కి గర్భిణీలను చూసి రావడం ఆమె ఉద్యోగం. ఆర్డరులో ఒక ముక్క మాత్రం మందపాటి అక్షరాల్లో కొట్టి మరీ ఇచ్చారు. జూన్ ముప్ఫయిలోగా ఇక్కడి లైసెన్సు చూపించాలి. చూపించకపోతే ఉద్యోగం రద్దు.

ఆ ఉద్యోగం ఖాయమైతే తప్ప భర్త రామమోహన్ బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడు, కూతురు కీర్తిని బడి మాన్పించి తీసుకురాడు. ఆదివారం ఆదివారం ఫోను చేసి, "అయిందా?" అని ఒక్క మాట అడుగుతాడు. ఆ ఒక్క మాటకే ఆమెకు ముచ్చెమటలు పట్టేవి. వెనకనుంచి కీర్తి, "అమ్మా, మేమెప్పుడు రావాలి?" అని అరిచేది.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. కాకినాడలో వసుమతి ఏ పరీక్షకూ వెళ్ళలేదు. పెళ్ళయిన కొత్తలో రామమోహన్ ఒక బ్రోకరు చేతికి రెండు ఫొటోలిచ్చాడు. పది రోజుల్లో లైసెన్సు నడిచి ఇంటికొచ్చింది. ఆవిడ ఆ ఆఫీసు గడప కూడా తొక్కలేదు. నవ్వకండి, మీ లైసెన్సు ఎలా వచ్చిందో మీరూ ఓసారి గుర్తు చేసుకోండి.

తర్వాత నేర్చుకున్నదంతా వీధే నేర్పింది. ముందు చూడు, హారను కొట్టు, సందు దొరికితే దూరు. వెనకాల సంగతి వెనకాలవాడు చూసుకుంటాడు. ఆ ఫియట్‌కు ఎడమవైపు అద్దమే లేదు, లేదన్న సంగతి కూడా ఆమెకు ఎన్నడూ తట్టలేదు. ఇక్కడేమో ప్రతి ఐదారు క్షణాలకూ మూడు అద్దాలూ చూడాలట. మలుపు తిరిగే ముందు భుజం మీదుగా తల తిప్పి వెనక్కి చూడాలట. హారను ముట్టుకుంటే మాత్రం పక్కవాడి మొహం మాడిపోతుంది. ఇదెక్కడి చోద్యం అనుకుంది.

ఆమెకు నేర్పడానికి దొరికిన మనిషి యెల్లప్ప. అరవై ఎనిమిదేళ్ళ ముసలాయన. ఆయన ముత్తాత ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి చెరకు కొట్టడానికి ఓడెక్కి వచ్చాడు. ఈయన ముప్ఫయ్యేళ్ళు చెరకు లారీ తోలి, తర్వాత పాత మాజ్దా కారొకటి కొనుక్కుని డ్రైవింగు నేర్పుతున్నాడు. ఆయనకు తెలుగులో మిగిలింది దేవుడి పేర్లు, కూరల పేర్లు, తిట్లు. అందుచేత పాఠమంతా ఇంగ్లీషులో చెప్పేవాడు, తప్పు చేసినప్పుడు మాత్రం తెలుగులోకి దిగేవాడు. పాఠాలు నడిచిన నాలుగు నెలల్లో వసుమతి విన్న తెలుగు ఇంతా అంతా కాదు.

"ఏటి గుంటా, అద్దం ఏటికున్నాది? బొట్టు పెట్టుకోడానికా?"

గుంట అంటే ఆయన భాషలో ఆడపిల్ల. నలభై మూడేళ్ళ ఎం.డి. డాక్టరును పట్టుకుని గుంటా అంటాడేమిటని మొదటిరోజు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె మాత్రం అక్కడి పద్ధతి ప్రకారం ఆయన్ని అంకుల్ అనేది, మీరు అనేది. ఆయన లెక్క చేసేవాడు కాదు.

మొదటి పరీక్ష స్టాప్ గీత దగ్గర పోయింది. ఆమె వేగం తగ్గించింది, అటూ ఇటూ చూసింది, ఎవరూ లేరు కదా అని సాగిపోయింది. చక్రం పూర్తిగా ఆగలేదు. రెండోసారి గీతలన్నిటి దగ్గరా బుద్ధిగా ఆగింది గానీ, ఏటవాలులో కారు వెనక్కి జారింది. అక్కడి నియమం ప్రకారం కారు వెనక్కి జారితే ఆ క్షణంలోనే పరీక్ష తప్పినట్టు. ఇంక మిగతా మార్కులు కూడా చూడరు.

ఏటవాలు! కాకినాడంతా అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. ఒక వంతెన ఎక్కాల్సి వస్తే కాలు క్లచ్ మీద, భారం దేవుడి మీద పెట్టి నెట్టుకొచ్చేది. కారు కాస్త వెనక్కి జారితే వెనకవాడు హారను కొట్టేవాడు, ఈవిడ ముందుకు ఉరికేది, అంతటితో సరి. యెల్లప్ప ఆ అలవాటు మాన్పించడానికి నానా తంటాలూ పడ్డాడు. ఆగిన వెంటనే హ్యాండ్‌బ్రేకు లాగాలి. క్లచ్ మెల్లగా పైకి వదులుతుంటే కారు ముక్కు కొంచెం లేస్తుంది. ఆ లేవడం తెలిశాకే బ్రేకు వదలాలి.

"నీ జిమ్మడ! అప్పుడే ఒగ్గీసినావేటి? ముక్కు లేసిందా? నేదు కదా!"

వసుమతికి ఆ ముక్కు లేవడం తెలిసేది కాదు. తెలిసిందనుకుని వదిలేసేది. పదిసార్లలో ఏడుసార్లు బాగా వచ్చేది. ఆ మిగతా మూడుసార్లే ఆమె ప్రాణం తీశాయి.

క్లినిక్కుకు వెళ్ళే దారిలో అసలు భయం కనిపించేది. అప్పటికి ఇంకా ఆసుపత్రి డ్రైవరే తీసుకెళ్ళేవాడు, నర్సు మేవిస్ తోడు వచ్చేది. క్లినిక్కు గేటు సరిగ్గా ఒక నిటారు వాలు మీద ఉంది. గేటు తీసేదాకా బండి ఆ వాలులోనే ఆగాలి. బండి ఆగీ ఆగగానే పిల్లలు దాని వెనకాల చేరేవారు, వీపున బిడ్డను కట్టుకున్న తల్లులు బండి నీడలో నిలబడేవారు. మేవిస్ గబుక్కున దిగి, అరిచి, చేతులూపి అందర్నీ పక్కకు తోలేది. అయినా ఇద్దరు ముగ్గురు మళ్ళీ వచ్చి చేరేవారు. అద్దంలో వాళ్ళను చూసినప్పుడల్లా వసుమతి ఆ సంగతి పాఠానికి వెళ్ళి యెల్లప్పకు చెప్పుకునేది. రేపు ఈ స్టీరింగు తన చేతిలోకే వస్తుంది కదా!

మూడో పరీక్ష జూన్ ఇరవై, శుక్రవారం. మళ్ళీ తప్పితే ఇంకో తేదీ ఆగస్టులో గానీ దొరకదు. అంటే ఇదే ఆఖరు. స్టాంగర్‌లో ఖాళీ లేక తీరం వెంబడి వేరే చిన్న ఊళ్ళో తేదీ తీసుకున్నారు. యెల్లప్ప దారిలో ఒక్క తిట్టూ తిట్టలేదు. ఆయన తిట్టకపోవడంతో ఆమె భయం ఇంకా పెరిగింది.

పరీక్ష పెట్టే ఆఫీసరు పేరు లారెన్స్. ముక్తసరి మనిషి. ఎడమవైపు కూర్చుని, మోకాళ్ళ మీద అట్ట, అట్ట మీద కాగితం పెట్టుకున్నాడు. ఆమె అద్దాలు చూసింది. భుజం మీదుగా చూసింది. గీత గీతకూ చక్రం పూర్తిగా ఆపి, లోపల మూడంకెలు లెక్కపెట్టి మరీ కదిలింది. ఊరంతా తిరిగారు. అరగంటలో ఒక్క తప్పు లేదు. ఇంక మిగిలింది ఒక్కటే. ఆఫీసు గేటుకు ముందున్న ఏటవాలు, దాని మధ్యలో స్టాప్ గీత.

ఆగింది. బ్రేకు లాగింది. గేరు వేసింది. రోడ్డు పక్క బెంచీ మీద యెల్లప్ప కూర్చుని ఉన్నాడు, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అద్దం, అద్దం, భుజం. క్లచ్ మెల్లగా వదిలింది. ముక్కు లేచిందా? లేచినట్టే ఉంది. సరిగ్గా అప్పుడే లారెన్స్ మోకాళ్ళ మీది కాగితం జారి సీటుకూ తలుపుకూ మధ్య పడింది. ఆయన వంగి దాన్ని అందుకుంటున్నాడు. వసుమతి బ్రేకు వదిలింది.

కారు వెనక్కి జారింది.

ఎంతో కాదు, నాలుగు వేళ్ళ మేర. వెంటనే యాక్సిలరేటరు తొక్కింది, కారు ఊగి ముందుకు కదిలింది. లారెన్స్ కాగితంతో పైకి లేచేసరికి కారు గీత దాటి చక్కగా గేటులోకి పోతోంది. ఆయనకేమీ తెలియలేదు. పెన్ను తీసి వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయాడు.

చెప్పేదా? నోరు తెరిచింది కూడా. కాకినాడలో ఇద్దరు మనుషులు సూట్‌కేసులు కొని ఉంచుకున్నారు. కొండ మీద నెలలు నిండిన ఆడవాళ్ళు డాక్టరు కోసం చూస్తున్నారు. చెప్తే పదిరోజుల్లో అంతా అయిపోతుంది. చెప్పకపోతే ఎవరికి నష్టం? నాలుగు వేళ్ళు! ఇలా తనకు తనే చెప్పుకుంటుండగా లారెన్స్ సంతకం పెట్టి కాగితం చేతికిచ్చి, మొదటిసారిగా నవ్వాడు. వసుమతి కూడా నవ్వింది. థాంక్స్ చెప్పింది. మరో మాట మాట్లాడలేదు.

బెంచీ దగ్గరకు వచ్చి కాగితం చూపించింది. యెల్లప్ప దాన్ని చూడలేదు, ఆమెనే చూశాడు. శభాష్ లేదు, గుంటా లేదు. టోపీ పెట్టుకుని కారెక్కాడు. స్టాంగర్ చేరడానికి ముప్పావు గంట. ఆయన చూశాడని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని ఆయనకూ తెలుసు. ఆ ముప్పావు గంటా వసుమతికి తల కొట్టేసినట్టుగా ఉంది.

ఆయన ఇంటి ముందు దిగుతూ ఒకే మాట అన్నాడు. "రేపు ఆరింటికి రా."

"పాఠాలు అయిపోయాయి కదా అంకుల్?"

"ఆరింటికి," అని లోపలికి వెళ్ళిపోయాడు.

పోస్టాఫీసు దగ్గరి బూత్ నుంచి రామమోహన్‌కు ఫోను చేసింది. అతను ఫోనులోనే కేక పెట్టాడు. "సోమవారమే రాజీనామా ఇచ్చేస్తా! కీర్తీ, అమ్మ పాసైందే!" అవతల ఇల్లంతా గోల. ఇవతల ఈవిడ మెల్లగా ఫోను పెట్టేసింది. నాలుగు నెలలుగా ఈ క్షణం కోసమేగా చచ్చింది! తీరా వచ్చాక ఒక్క చుక్క సంతోషం లేదు. ఇదీ బ్రోకరు తెచ్చిన లైసెన్సులాంటిదేనా అన్న అనుమానం ఆమెను తినేస్తోంది. తెల్లారి యెల్లప్ప దగ్గరకు వెళ్ళకూడదనుకుంది. ఆ ముసలాయన ఎవరు నన్ను రమ్మనడానికి, ప్రభుత్వమే సంతకం పెట్టాక, అని కోపం తెచ్చుకోవాలని చూసింది. అది ఎంతోసేపు నిలవలేదు. తెల్లారి ఆరింటికల్లా ఆయన గేటు ముందు ఉంది.

యెల్లప్ప ఇంటి వెనకనుంచి చెరకు తోటల్లోకి ఒక మట్టిరోడ్డు ఎక్కుతుంది. పరీక్షలో వాలు దీని ముందు ఎందుకూ పనికిరాదు. సగం ఎక్కాక ఆపమన్నాడు. ఆపింది, బ్రేకు లాగింది. ఆయన తలుపు తీసుకుని దిగి, మెల్లగా నడిచి కారు వెనక్కి వెళ్ళాడు. ఏమన్నా పడిందేమో చూస్తున్నాడనుకుంది. ఆయన బంపరుకు అడుగు దూరంలో, సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు.

"ఇప్పుడెల్లు," అన్నాడు.

వసుమతి కిటికీలోంచి తల బయట పెట్టి అరిచింది. "అంకుల్, ఏం చేస్తున్నారు? పక్కకి జరగండి!"

"నైసెన్సు ఉన్నాది కదా. మరి బయమేటి?"

ఆమె ఇంజను ఆపేసి దిగింది. ఆయన ఎదురుగా నిలబడితే కళ్ళు పైకి లేవలేదు. "నిన్న జారింది అంకుల్," అంది. "నాకు తెలుసు. ఆయన చూడలేదు. నేను చెప్పలేదు."

"సూసినాను. ఎక్కు."

"మీరు జరిగితేనే ఎక్కుతాను. జరగండి, మీకు దండం పెడతాను."

"కొండ మీద గుంటలు నువ్వు సెప్తే జరుగుతారేటి?" ఈసారి ఆయన అరిచాడు. "ఎక్కు!"

ఎక్కింది. ఏడుస్తూనే తాళం తిప్పింది. చూడకూడదనుకుంటూనే అద్దంలోకి చూసింది. అద్దం నిండా ఆయనే, టోపీ, తెల్ల మీసం, పాత నీలం చొక్కా. మొదటి గేరు. క్లచ్ వదలడం మొదలుపెట్టింది, వెంట్రుక వాసి, మరో వెంట్రుక వాసి. లేచిందనిపించింది. బ్రేకు వదలబోయి ఆగింది. అనిపిస్తే చాలదు. ఇంకా కొంచెం వదిలింది. అప్పుడు పాదం కింద, నడుములో, పళ్ళలో కూడా తెలిసింది. కారు మొత్తం ముందుకు వంగి ఎవరో పట్టుకుంటే ఆగినట్టు నిలబడింది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆమెకు అది అనుమానం లేకుండా తెలిసింది. బ్రేకు వదిలింది.

కారు ముందుకు కదిలింది. ఒక్క వేలి మేర కూడా వెనక్కి జారలేదు. పది గజాలు ఎక్కాక గుర్తొచ్చి మళ్ళీ అద్దంలోకి చూసింది. ముసలాయన ఉన్నచోటే ఉన్నాడు. పిడికిళ్ళు రెండూ గుండెకేసి నొక్కుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, పెదవులు గబగబా కదులుతున్నాయి. కారు వెళ్ళిపోయిన సంగతి కూడా ఆయనకు తెలిసినట్టు లేదు.

వసుమతి కారాపి, బ్రేకు లాగి, వాలు దిగి పరుగున ఆయన దగ్గరకు వెళ్ళింది. దగ్గరికొస్తే వినిపించింది, "నారాయణ, నారాయణ" అంటున్నాడు.

ఆమె ఆయన రెండు పిడికిళ్ళూ పట్టుకుంది. అవి మంచుగడ్డల్లా ఉన్నాయి.

"అంకుల్, అయిపోయింది. కళ్ళు తెరవండి," అంది.