సూదికి ముందు అడిగిన మాట

ఆ పొద్దు మెదక్ దవాఖాన వరండా అంతా నిద్రలో ఉన్నట్టుంది. ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. చర్చి గంట ఎక్కడో నీళ్ల అడుగున మోగినట్టు వినిపిస్తోంది. నెలన్నర బిడ్డ నా భుజం మీద వెచ్చగా పడుకుంది. కోరింత దగ్గుకు మొదటి టీకా వేయించాలా వద్దా అన్నది నేనింకా తేల్చుకోలేదు.

"దీంతోని నా బిడ్డకు ఏమన్న అయితదా?" అని నర్సమ్మను అడిగాను.

"నువ్వొక్కదానివే కన్నవా? అందరు ఏపిస్తలేరా?" అంది. వరుసలో వాళ్లు నవ్వారు. ఆ ముఖాలన్నీ నాకు గుర్తే. బజారులో ఎదురైనా ఇప్పటికీ పలకరించను.

నేను కదల్లేదు. వెనక ఎల్దుర్తి నుంచి వచ్చినామె, "అక్కా, జర జల్ది కానియ్యి, నా బస్సు పోతది," అంది.

"పోనీ. జవాబు చెప్పేదాక బిడ్డనియ్య."

నర్సమ్మ సూది పక్కన పెట్టింది. "జ్వరమొస్తది, తొడ వాస్తది. రెండు దినాలల్ల తగ్గుతది. ఎప్పుడో ఒక్కలకు ఫిట్స్ గాని, ఒళ్లంత దద్దుర్లు గాని రావచ్చు, గందుకే అర్ధగంట ఈడ కూసోమంటం. ఏపియ్యకుంట కోరింత దగ్గొస్తే, గింత పిల్లకు ఊపిరే ఆడది."

"ఫిట్సొస్తె ఏం జెయ్యాలె?" అని ఎల్దుర్తి ఆమె ముందుకు వంగి అడిగింది. ఆమెను చూసి మాత్రం ఎవరూ నవ్వలేదు. "పక్కకు తిప్పి పండవెట్టి, జల్ది ఈడికి తేవాలె," అంది నర్సమ్మ.

రెండు దినాల జ్వరం ఒక దిక్కు, ఆడని ఊపిరి ఒక దిక్కు. బిడ్డ కాలు నేనే పట్టుకున్నాను.

సాయంత్రానికి చెప్పినట్టే బిడ్డ ఒళ్లు కాలింది. వస్తానని కబురు పంపిన చుట్టాన్ని కూర్చోబెట్టుకున్నట్టు, ఆ వేడిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.