చక్రాల కింద నిమ్మకాయలు

ముంబయి కామాటిపురాలో, వరస గదుల ఆ చాల్‌లో పోశెట్టిని చెవి మీద పెన్సిల్ లేకుండా చూసినవాళ్లు లేరు. నాగ్‌పాడాలో కారు సీట్లు కుట్టే పని అతనిది. ఏ సీటు కనబడినా బొటనవేలితో నొక్కకుండా ఉండలేడు. తండ్రి టాక్సీ నడిపిన రోజుల నుంచీ పాత ఫియట్ అంటే పిచ్చి. రెండేళ్ల కిందట ఫోన్‌లో ఫోటో చూసి బళ్ళారి ఆసామి ఒకడికి అడ్వాన్సు పంపాడు. తీరా అక్కడికి వెళ్తే తలుపుకి తాళం, ఫోను మూగ. ఈమధ్య అదే నీలం ఫియట్ మళ్లీ అమ్మకానికి వచ్చింది. పోశెట్టి తన భార్య రత్నాబాయి ఫోన్ నుంచి, కొత్త పేరుతో మాట్లాడాడు. అడిగిన ధరకే ఒప్పుకుని, "బండి మా గల్లీకొచ్చినంకనే పైసలు" అన్నాడు.

ఆశ కొద్దీ ఆసామి తనే నడుపుకుంటూ వచ్చాడు. మొగుడు నిజంగానే కొంటున్నాడనుకుని రత్నాబాయి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పోశెట్టి ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది చూశాడు. అసలుదే. సీటు నొక్కాడు, చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత వంగి, నిమ్మకాయలు ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకున్నాడు.

"ఏమైందన్నా?" అన్నాడు ఆసామి.

"బళ్ళారిల నీ తాళం జూసి నేనెట్ల వాపస్ వచ్చిన్నో, నువ్వు గట్లనే పో."

నీలం బండి మలుపు తిరిగేదాకా పోశెట్టి బొటనవేలు జేబులోని నిమ్మకాయను నొక్కుతూనే ఉంది.