పాటకు లేచే దర్జీ మామ

మా ఇంటికీ దర్జీ మామ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడ మీద అత్త, అంటే మామ భార్య, కారం నూరే బండతో కొట్టిందంటే నేను చేతిలో పని వదిలేసి ఉరకాలి. ఆ చప్పుడు ఎప్పుడూ పొద్దున బడిలో ప్రార్థన పాట అయిపోయాకే వచ్చేది. మొన్న మాత్రం తెల్లవారక ముందే, నేను వాకిట్లో సానిపి చల్లుతుండగా వచ్చింది. ఇంకా బడి తాళమే తీయలేదు, పాటెక్కడిది, ఈయన ఇప్పుడెందుకు లేచినట్టు అని విసుక్కుంటూనే పోయాను. అత్త గడప మీద కూర్చుని ఉంది. బండ ఇంకా చేతిలోనే ఉంది.

"బిడ్డా, ఇగ నీకు కూసోవెట్టే పని లేదే" అంది.

దర్జీ మామ పోయాడని నాకు అలా తెలిసింది.

ఇది చదివేవాళ్లకు ఈ కూర్చోబెట్టడం సంగతేమిటో ముందు చెప్పాలి. మాది మర్రిగూడ దిక్కు. మా నీళ్ల సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. చిన్నప్పటి నుంచీ తాగిన బోరునీళ్లలోని ఫ్లోరైడ్ కొందరికి పళ్ల దగ్గరే ఆగింది, నాలాగా. కొందరికి ఎముకల్లోకి దిగింది. మామకు ముందు మెడ పట్టేసింది. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగేవాడు. తర్వాత నడుము వంగి అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత మోకాళ్లు. అవి పూర్తిగా ముడుచుకోవు, పూర్తిగా చాచుకోవు. దూలానికి కట్టిన తాడు పట్టుకుని ఎలాగో తనే లేచేవాడు కానీ, లేచాక తనంతట తాను కూర్చోలేడు. ఒకరు ముందు నుంచి చంకల కింద చేతులు వేసి బరువు ఆపాలి, ఇంకొకరు వెనక నుంచి స్టూలు జరపాలి. స్టూలు జరిపేది అత్త. బరువు ఆపేది నేను.

అసలు నన్ను ముందు కూర్చోబెట్టింది ఆయనే. మా బాపు గొర్లు కాసేవాడు. గొర్ల వెంట పోనంటే పోనని నేను మొండికేస్తే, మా అవ్వ నా రెక్క పట్టుకుని గుంజుకొచ్చి మామ మిషన్ ముందు పడేసింది. "నీ కాడ ఉంచుకో అయ్యా, దీనితోని నేను యాగలేను" అని చెప్పి వెళ్లిపోయింది. మామ నవ్వి, నా కాళ్లు తొక్కుడు బల్లకు అందడం లేదని పీట కింద రెండు ఇటుకలు పెట్టాడు. చాలా రోజులు నాతో కుట్టు విప్పించడమే తప్ప ఒక్క కుట్టూ వేయించలేదు. నాకు ఒళ్లు మండేది. "విప్పుడు నేర్చినంక కుట్టుడు భయముండదు" అనేవాడు. బడి పిల్లల అంగీలకు జేబు ముందు కుట్టమనేవాడు, అదీ రెండు వరసల కుట్టు. "పోరలకు అంగి ఎట్లుంటెంది బిడ్డా, వాళ్ల ఆస్తంత జేబులనే ఉంటది" అని. ఇప్పటికీ మా ఊరి బడి పిల్లల అంగీలు మోచేతుల దగ్గర చినుగుతాయి కానీ జేబు ఊడిరాదు.

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని, పళ్లు గారపట్టి ఉంటాయని. మామ ఊరుకునేవాడు కాదు. "ఎవల్ని జూసి సిగ్గు? గీ ఊర్ల అందరియి గవే పండ్లు. చెయ్యి తియ్యి!" అని గదమాయించేవాడు. నేను చెయ్యి తీసి నవ్వడం నేర్చుకున్నది ఆ మిషన్ ముందే.

ఇంట్లో వాళ్లిద్దరూ ఉర్దూలో మాట్లాడుకునేవారు. కోపం వస్తే మాత్రం అత్త తెలుగులో తిట్టేది, వాడకంతా అర్థం కావాలని. మామ తన మానాన దారం ఎక్కించుకునేవాడు.

రాష్ట్రం కోసం మండలంలో టెంట్లు వేసిన రోజుల్లో మామ ఇంకా చేతికర్రతో నడిచేవాడు. కండువాలు కుట్టి ఇచ్చేవాడు, సాయంత్రం పోయి పాటలు పాడేవాడు. అందరూ చాప మీద కూర్చుని పాడుతుంటే, ఇప్పుడు రాష్ట్ర గీతమైన ఆ పాట దగ్గరికి వచ్చేసరికి ఈయన కర్ర ఊతంతో లేచేవాడు. అప్పుడు దానికి ఏ ఉత్తర్వూ లేదు, లేవమని ఎవరూ చెప్పలేదు. ఎందుకు మామా ఈ కష్టం అంటే, "కూసోని వాడితె గొంతు ముడుసుకుంటది బిడ్డా" అన్నాడు. ఇంటికి వచ్చే దారిలో ఇంకో మాట కూడా అనేవాడు. "మన రాష్ట్రమొస్తె మంచినీళ్లొస్తయి. మంచినీళ్లు తాగితె గీ నడుం వదులైతది." నేనూ నమ్మాను. నమ్మకపోతే ఎట్లా బతుకుతాం?

రాష్ట్రం వచ్చింది. కొన్నేళ్లకు నల్లా నీళ్లూ వచ్చాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఈనాటి పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి, చూస్తే కడుపు నిండుతుంది. కానీ మామ నడుము వదులు కాలేదు. ఎముకలోకి పోయింది మళ్లీ బయటికి రాదని దవాఖానలో చెప్పారు. అప్పటి నుంచి ఆ ఒక్క గది, ఆ స్టూలు, ఇటుకల మీద ఎత్తు చేసిన మంచం, అంతే ఆయన లోకం. మోచేతులు కూడా పట్టేశాక మిషన్ నాకు వదిలేసి, పక్కన కూర్చుని కొలతలు చెప్పేవాడు.

పాట మాత్రం రాలేదు. రాష్ట్రం వచ్చిన మర్నాడే దాన్ని అధికార గీతం చేస్తారనుకున్నాడాయన. పదేళ్లు పట్టింది. ఆ ఏడు ఆవిర్భావ దినం నాడు టీవీలో పాట మొదలవగానే తాడు పట్టుకుని లేచాడు. కళ్ల నీళ్లు కారుతున్నాయి, తుడుచుకుందామంటే చెయ్యి ముఖం దాకా పోదు. అత్త కొంగుతో తుడిచింది. ఆ రోజు వచ్చింది పూర్తి పాట. సభలకు పొట్టిది ఒకటి ఉందని మాకు తర్వాత తెలిసింది. ఒక చరణం అయిపోతుంది, ఇంకొకటి అందుకుంటుంది. మామ మోకాళ్లు వణుకుతున్నాయి. అత్త టీవీకి దండం పెట్టినంత పని చేసింది. "ఇంకెంతుందే గిది, మనిషి పడిపోతుండు!" మామ మాత్రం "రానియ్యే, పదేండ్ల బాకీ ఉంది" అన్నాడు.

ఆ తర్వాత బడిలో రోజూ పొద్దున ఆ పాట మొదలైంది. బడి వాళ్ల ఇంటి వెనకే. మైకు గొట్టం సరిగ్గా వాళ్ల కిటికీ వైపు ఉంది. ఇక రోజూ లేవడమే. లేస్తే ఆయనకు జెండా కనపడదు, బడి కనపడదు. నడుము వంగి ఉంటుంది కదా, కనిపించేది గడప ఒక్కటే. ఓసారి ఊళ్లో సభకు కుర్చీలో మోసుకుపోతే, మైకు పట్టుకున్నాయన పాటకు ముందు అందరూ సీదాగా నిలబడాలన్నాడు. నిలబడినవాళ్లంతా తల తిప్పి మామను చూశారు. మైకు ఆయన నొచ్చుకుని, నిలబడలేనివాళ్లు కూర్చోవచ్చు, మినహాయింపు ఉంటుంది అన్నాడు. మామ నేలకేసి చూస్తూనే, "మినహాయింపు నేనడిగిన్నా సారూ?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అసలు గొడవ ఒక రోజు జరిగింది. నేను లైనింగు బట్ట కోసం చిట్యాల పోయాను. అత్త, నేను ఇంట్లోనే ఉన్నాననుకుని, కట్టంగూరులో చుట్టాలింటికి పొద్దున బస్సుకే పోయింది. పాట వచ్చింది, మామ లేచాడు. పాట అయిపోయింది. కూర్చోబెట్టే మనిషి లేదు. వెనక స్టూలు ఉంది కానీ దాన్ని చూడాలన్నా మెడ తిరగదు. వదిలితే వెనక్కి పడతాడు, పడితే లేచే మాటే లేదు. తాడు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మధ్యాహ్నం నేను బట్ట మూటతో లోపలికి వచ్చేసరికి ఆయన పాడుతూ ఉన్నాడు. గొంతు పోయి గాలి మాత్రమే వస్తోంది. ముఖం నిండా ఈగలు. నేను గట్టిగా అరిచి అటుపక్క ఇంటామెను పిలిచాను, ఇద్దరం కలిసి కూర్చోబెట్టాం. అరచేతుల్లో తాడు అచ్చు పడి తోలు లేచింది.

"పొద్దటి సంది పాడుతున్నవా మామా?" అన్నాను.

నీళ్లు తాగాక చెప్పాడు. "ఉత్తగ నిలవడితె ఇరుక్కపోయినట్టుంటది బిడ్డా. పాడుకుంట నిలవడితె పాట కోసం నిలవడ్డట్టుంటది. అందుకే అయిపోనియ్యలే."

నాకు ఆ మాట మింగుడు పడలేదు. కోపం కూడా వచ్చింది. "నువ్వు పాటకు లేస్తున్నవ్ సరే, నీకు పాట ఏం జేసింది?" అని అడిగేశాను. మామకు కోపం రాలేదు. "ఏం జేయలే. నాకిన్ని నీళ్లన్న తెచ్చియ్యలే. గని జర సోంచాయించు. రోజు మొత్తంల నేను లేసేదొక్కసారి. గది గూడ లేకపోతె మేకుకు తగిలేసిన అంగి నేను. లేసుడన్న నా ఇష్టంతోని లేస్తున్న, గంతే" అన్నాడు.

అత్త వచ్చి సంగతి విని నెత్తి కొట్టుకుంది. మర్నాడే బడి పెద్ద మేడం దగ్గరికి పోయి, గొట్టం అవతలి వైపు తిప్పించమని బతిమాలింది. మేడం మంచి మనిషి, అప్పుడే తిప్పించింది. పాట మా వాడకు వినపడడం మానేసింది. మామ మొదటి రోజు ఏమీ అడగలేదు. రెండో రోజు బడి గంట వినగానే, పాట లేకుండానే తాడు పట్టుకున్నాడు. అత్త లబోదిబోమంది, తెలుగులోనే.

"వినవడ్తలేదు గదయ్యా! ఎందుకు లేస్తున్నవ్?"

"నాకు వినవడకపోతె వాళ్లు పాడనట్టా?" అన్నాడు మామ.

అంతకన్నా ఇబ్బంది ఏమిటంటే, పాట వినపడనందున ఎప్పుడు అయిపోయిందో ఆయనకు తెలియదు. మధ్యలో కూర్చుంటే మర్యాద కాదని ఇంకా ఎక్కువసేపు నిలబడేవాడు. వారం తిరక్కుండా అత్త మళ్లీ మేడం దగ్గరికి పోయింది. నేనూ వెంట పోయాను. "మల్ల ఇటే తిప్పుండ్రి మేడం. వినవడితె ఎప్పుడయిపోయిందో అన్న తెలుస్తది మా మనిషికి" అంది. మేడం మా ఇద్దరి ముఖాలూ చూసి ప్యూనును పిలిచింది.

గోడ మీద కొట్టే ఏర్పాటు అప్పుడు చేసుకున్నదే. అత్త ఊరికి పోవడం మానేసింది. నేను పొద్దున బజారు పనులు మానేశాను. ఆయన ఆ గదిలో ఇరుక్కుంటే మేమిద్దరం ఆయన చుట్టూ ఇరుక్కున్నాం. కొన్ని రోజులు నాకు విసుగు పుట్టేది. బరువు ఆపుతున్నప్పుడు ఆయన నుదురు నా భుజానికి ఆనేది, "నీకు తిప్పలవెడుతున్న బిడ్డా" అని చెవిలో అనేవాడు. విసుగంతా ఎటో పోయేది. ఈ మధ్య పొద్దున లేచేటప్పుడు నా మెడ కూడా పట్టేస్తోంది. ఆ సంగతి మామకు చెప్పలేదు. చెప్పి ఉంటే చిన్నపిల్లాడిలా ఏడ్చేవాడు.

ఇక మొన్నటి మాట. చుట్టాలు వచ్చారు. స్నానం చేయించి, తెల్లబట్ట చుట్టి, వాకిట్లో జనాజా పెట్టెలో పడుకోబెట్టారు. పడుకోబెట్టారంటే, ఆయన ఎక్కడ పడుకుంటాడు? నడుము చాచుకోదు, తల కిందికి ఆనదు, మోకాళ్లు పైకి లేచే ఉన్నాయి. దిండ్లు పెట్టారు, బట్టలు మడిచి పెట్టారు. ఎన్ని చేసినా, తెల్లబట్ట కింద ఆయన అప్పుడే లేవబోతున్న మనిషిలాగే ఉన్నాడు.

బడి పెద్ద మేడం వచ్చి అత్త పక్కన కూర్చుంది. "ఇయ్యాల మైకు పెట్టమమ్మా" అంది. చుట్టాల్లో ఒక పెద్దమనిషి కూడా అదే మంచిదన్నాడు. అత్త తల అడ్డంగా ఊపింది.

"పెట్టుండ్రి మేడం. రోజు పెట్టేది ఇయ్యాలెందుకు ఆపాలె?"

గంట కొట్టారు. పాట మొదలైంది. వాకిట్లో కూర్చున్నవాళ్లు ఒకరిని చూసి ఒకరు లేచారు. మేడం లేచింది, ఆ పెద్దమనిషీ లేచాడు. నేను లేచి అలవాటుగా రెండు చేతులూ ముందుకు చాచాను, బరువు ఆపడానికి. ఆపడానికి ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

అత్త ఒక్కతే లేవలేదు. తెల్లబట్ట కింద లేచి ఉన్న ఆ మోకాళ్ల మీద చెయ్యి వేసి, మెల్లగా కిందికి అదుముతోంది.

"లెవ్వకు" అంది. కోపంలో అనే తెలుగులోనే అంది. "ఇయ్యాల నువ్వు లెవ్వకు. అందరు లేసిండ్రు. జర పండుకో."

పాట అయిపోయేదాకా ఆమె చెయ్యి తీయలేదు.