ఫాదర్ గారి ఊళ్ళో వరిచేలు

ఆ రోజుల్లో మా తిరువూరు నుంచి ఎవరైనా పెద్దమనిషి బదిలీ అయి వెళ్ళిపోతుంటే, సన్మానపత్రం చదవకుండా బస్సెక్కనిచ్చేవాళ్ళం కాదు. పోస్టుమాస్టరు గారైనా, పశువుల డాక్టరు గారైనా పూలదండ, శాలువా, అద్దం కట్టించిన సన్మానపత్రం తప్పవు. ఆ పత్రం మొదటి పేరాలో ఆయన పుట్టిన ఊరిని పొగడాలి. ఆ ఊళ్ళో ఒక సెలయేరు పారాలి, వరిచేలు ఊగాలి, తోటల్లో కోకిలలు కూయాలి. (పశువుల డాక్టరు గారిది అనంతపురం వైపు మెట్ట ఊరు. ఆయనకీ సెలయేరు పారించారు. ఆయన పాపం కళ్ళు మూసుకుని విన్నారు.) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ మొదటి పేరా ఒకసారి నా ఉద్యోగానికే ఎసరు పెట్టబోయింది.

అప్పుడే బి.ఇడి. అయి, మిషన్ స్కూల్లో సోషల్ టీచరుగా చేరాను. పురిటి సెలవు మీద వెళ్ళిన ఒక టీచరమ్మ స్థానంలో తీసుకున్నారు. ఆవిడ ఇక రానని కబురు చేయడంతో నన్నే ఉంచుతారా, ఇంకెవరినైనా తెస్తారా అన్నది వేసవి సెలవుల్లోపు మా హెడ్‌మిస్ట్రెస్ తేల్చాలి. ఆవిడను అందరం పెద్ద సిస్టర్ అనేవాళ్ళం. ఉంచకపోతే నేను మా ఊరు ఎ.కొండూరు వెళ్ళి ఇంట్లో కూర్చోవాలి. కూర్చున్నానంటే మా మేనత్త తన ఆడపడుచు కొడుకుని తెచ్చి ఎదురుగా కూర్చోబెడుతుంది. అతను ఏం అడిగినా గోడవైపు చూసి సమాధానం చెప్పే మనిషి. కాబట్టి ఆ ఉద్యోగం నాకు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే మా ముసలి ఫాదర్ గారిని విశ్రాంతి పేరుతో స్వదేశం పంపిస్తున్నారన్న వార్త వచ్చింది. ఇటలీ నుంచి కుర్రవాడుగా వచ్చి, మా చుట్టుపక్కల పల్లెల్లోనే తల నెరిసిన మనిషి. పెద్ద సిస్టర్ నన్ను పిలిచి, "ఫాదర్ గారి సన్మానపత్రం నువ్వే రాయాలమ్మాయ్. వాళ్ళ ఊరి భూగోళం, చరిత్ర అంతా నీ సబ్జెక్టేగా. ఇది బాగా కుదిరితే నీ సంగతి నేను చూస్తాను" అన్నారు.

మధ్యధరా ప్రాంతం గురించి నాకు తెలిసింది పాఠ్యపుస్తకంలో ఉన్న ఒక పేజీ. ఎండాకాలం పొడి, చలికాలం వాన, ద్రాక్ష, ఆలివ్. "చలికాలం వానలు పడితే మరి కోతలెట్టా టీచర్?" అని పెనుగొలను నుంచి వచ్చే రైతుల పిల్లలు అడిగితే, జవాబు తెలియక బెల్లు కోసం చూసినదాన్ని. స్కూలు అట్లాసులో ఫాదర్ గారి ఊరు లేనే లేదు. ఇక లాభం లేదని ఆయన దగ్గరికే వెళ్ళాను. తన తర్వాత వచ్చే ఫాదర్ కోసం మోటారు సైకిలుకి నూనె వేస్తూ కనిపించారు.

"మా ఊరా? ఏముందమ్మా, రాళ్ళు" అన్నారు. నేను వదల్లేదు. నూనె చేతులు తుడుచుకుంటూ చెప్పుకొచ్చారు. "ఊరు కొండ మీద, పొలాలు కింద. పూర్వం సముద్రం మీంచి దొంగలొచ్చి మనుషుల్ని ఎత్తుకుపోయేవాళ్ళంట. పల్లంలోనేమో దోమలు, చలిజ్వరాలు. అందుకని మావాళ్ళు కొండెక్కి కూర్చున్నారు. చుట్టూ గోడ, రావడానికీ పోవడానికీ ఒకటే గుమ్మం. నీళ్ళు లేవమ్మా. వానపడితే ఇంటి కింద తొట్టిలో పట్టుకుని ఏడాదంతా అవే తాగటం. తొట్టి ఎండిపోతే మా అమ్మ గాడిద మీద కిందనుంచి తెచ్చేది. తర్వాత భూకంపమొచ్చి గుడి గంటల గోపురం పడిపోయింది. సగం మంది అప్పుడే దిగిపోయారు."

ఇంత గొప్ప చరిత్ర ఏ పుస్తకంలో దొరుకుతుంది అనుకుని, ఉన్నది ఉన్నట్టు రాసి పెద్ద సిస్టర్ చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివారు. "నీళ్ళు లేవు, జ్వరాలు, దొంగలు, ఊరు కూలిపోయింది. ఇది సన్మానమా తల్లీ, సంతాపమా?" అన్నారు. ఆఫీసు గోడకి పాత సన్మానపత్రాలు వేలాడుతున్నాయి. వాటిని చూపించి, "అట్లా రాయి" అన్నారు. నేను ఆ గోడ ముందు నిలబడి ఒక పత్రంలోంచి సెలయేళ్ళు, ఇంకోదాంట్లోంచి వరిచేలు, మరోదాంట్లోంచి మామిడితోపులు, కోకిలలు ఎత్తి ఫాదర్ గారి కొండ మీద పెట్టాను. పత్రం బెజవాడలో అచ్చయి, అద్దం కట్టుకుని వచ్చింది. అందరికీ పంచడానికి కాగితాలు కూడా వచ్చాయి.

సభ సాయంత్రం. మధ్యాహ్నం బస్సులో ఫాదర్ గారి మేనల్లుడు దిగాడు. మామయ్యను తీసుకెళ్ళడానికి ఆ కొండ ఊరినుంచే వచ్చాడట. అతనికి తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు. నేను ఒక్కో వాక్యం చదివి ఆగితే, ఫాదర్ గారే పక్కన కూర్చుని అతనికి తమ భాషలో చెప్పేట్టు ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు చేసింది పెద్ద సిస్టరే. చేశాక ఆవిడకి అసలు సంగతి తట్టింది. నన్ను స్టేజీ వెనక్కి లాగి, "వాళ్ళ ఊళ్ళో సెలయేరు లేదుగా?" అన్నారు.

"లేదు సిస్టర్."

"వరి?"

"లేదు సిస్టర్."

"అతను నలుగురిలో నవ్వాడంటే ఫాదర్ గారి పరువు పోతుంది. ఇక నువ్వు కొండూరు బస్సు చూసుకోవటమే" అన్నారు. ఉన్నది ఉన్నట్టే ముందు రాసిచ్చాను కదా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మార్చి చదువుదామన్నా దారిలేదు, అచ్చు కాగితాలు జనం చేతుల్లో ఉన్నాయి.

మైకు ముందుకి వెళ్ళాను. "గలగల పారు సెలయేళ్ళతో పునీతమైన మీ జన్మస్థలము" అని చదివి ఆగాను. ఫాదర్ గారు అతని చెవిలో చాలాసేపు చెప్పారు. అతను కనుబొమలు పైకెత్తాడు. "పచ్చని వరిచేలతో అలరారుచు" అన్నాను. ఈసారి ఫాదర్ గారు చెయ్యి రోడ్డు వైపు చాపి మరీ చెప్పారు. నన్ను బయటికి నడవమంటున్నారేమో అనుకున్నాను. మామిడితోపుల దగ్గరికి వచ్చేసరికి అతను పెద్ద గొంతుతో ఏదో ప్రశ్న అడిగాడు. సభంతా తిరిగి చూసింది. ఫాదర్ గారు కళ్ళజోడు తీసి అంగీ అంచుతో తుడవడం మొదలుపెట్టారు. ముందు వరసలో పెద్ద సిస్టర్ చేతిలో జపమాల ఆగిపోయింది. మా మేనత్త ఆడపడుచు కొడుకు, అతను చూసే గోడ, రెండూ నా కళ్ళముందు కనపడ్డాయి. కాసేపటికి ఫాదర్ గారు అతనితో ఏదో ఒక్క ముక్క అని, చదవమన్నట్టు నాకు తల ఊపారు. మిగతాదంతా గుక్క తిప్పుకోకుండా చదివేశాను. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆ మేనల్లుడే.

టీలు ఇస్తున్నప్పుడు పెద్ద సిస్టర్ నా పక్కకొచ్చి, ఏమీ జరగనట్టు, "జూన్‌లో నాలుగు రోజులు ముందే రా. టైంటేబులు నువ్వే వెయ్యాలి" అన్నారు. అంటే ఉద్యోగం నిలిచింది. ఆ ఊపులో నేరుగా ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళి, "అతనికి ఏం చెప్పారండీ?" అని అడిగాను.

"నువ్వు రాసిందే చెప్పానమ్మా. కాకపోతే అది తిరువూరు అని చెప్పా. మన వాగు, మన చేలు, రెడ్డిగూడెం మామిడితోటలు. ఒక్కటీ అబద్ధం కాదుగా" అన్నారు.

నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వారు. "మరి అతనేదో అడిగితే ఆగిపోయారేంటండీ?"

"ఇంత మంచి ఊరొదిలి మన రాళ్ళలోకి ఎందుకొస్తున్నావు మావయ్యా, అన్నాడు."

"మీరేమన్నారు?"

"అమ్మాయి ఇంకా చదువుతోంది, విను అన్నా."

నేను దానికీ నవ్వేసి, ఇంట్లో శుభవార్త చెప్పాలని కొండూరు బస్సు కోసం పరుగెత్తాను. అది నవ్వాల్సిన మాట కాదని అర్థమవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆయన మోటారు సైకిలు పక్కన నిలబడి చెయ్యి ఊపుతూనే ఉన్నారని తర్వాత విన్నాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడకుండా, కిటికీ పక్క సీటు దొరికిందని మురిసిపోయిన ఆ పిల్లను తలుచుకుంటే కోపం రాదు, జాలేస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది.